బల్ల మీద చదివింపుల కవరు

గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఆ నిమిషానికి విదేశీయుల నమోదు ఆఫీసులో, అధికారి మేడం బల్ల మీద, టాంజానియా దేశపు ఆడమనిషి ఒకామె రెండు చేతులతో ఒక కవరు పెట్టింది. కాయితాలు పెట్టుకునే కవరు కాదు. పెళ్లికీ పేరంటానికీ మనం చదివించే ఎర్ర కవరు. మధ్యలో బంగారు రంగు వినాయకుడు, మూలన అంటించిన రూపాయి బిళ్ల.

పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, దండం పెట్టింది. ఆమె భుజానికి గుడ్డతో చంటిపాప కట్టి ఉంది.

నేను ఆమె పక్కనే ఉన్నాను. లోపల ఏముందో నేను చూడలేదు. చదివింపుల కవరులో ఏముంటుందో చూసి తెలుసుకోవాలా? మేడం పక్కన టైపు చేస్తున్న గుమాస్తా చేతులు ఆగిపోయాయి. మా ఏజెంటు సారు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

జరిగింది మొదటి నుంచి చెబుతాను. ఇప్పుడు ఇలాంటి ఆఫీసుల్లో కుర్చీ ఎక్కిన పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నాకు అక్షరాలు మనవరాలు పుట్టాక వచ్చాయి. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయడమే వచ్చు. చుట్టు తిప్పి రాయడం ఇంకా పట్టుబడలేదు.

మాది ఖాజాగూడ. గుట్టల దగ్గర రాళ్లు కొట్టాను. ఆ గుట్టల పక్కన అద్దాల బిల్డింగులు లేచాక వాటిల్లో ఊడ్చాను. చివరికి మాదాపూర్‌లో ఒక ఏజెంటు ఆఫీసులో అటెండరుగా కుదిరి, అక్కడే పని విరమించుకున్నాను. ఆ ఆఫీసులో ఉండేది ముగ్గురమే. సారు, కంప్యూటర్ అమ్మాయి, నేను. బయటి దేశాల వాళ్లు ఉద్యోగానికో చదువుకో ఇక్కడికి వచ్చి ఎక్కువ కాలం ఉండాలంటే సర్కారు దగ్గర నమోదు కావాలి. గడువు అయిపోతే పొడిగించుకోవాలి. వెళ్లేటప్పుడు కొందరికి అనుమతి కావాలి. ఆ దరఖాస్తులు వాళ్ల తరఫున మేము పెట్టేవాళ్లం.

నాకు మొదట వచ్చినవి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. పాస్‌పోర్టుల మీద పేర్లు వాటిల్లోనే ఉంటాయి, వాటిని వరుసలో పేర్చడం నా పని. తెలుగు ఆ తర్వాత కంప్యూటర్ అమ్మాయి నేర్పింది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కున్నాక, పాత పేపరు పరిచి. ఆ పిల్లది ఖమ్మం వైపు. ఆదివారం చర్చిలో పాడిన పాటలు బుధవారం దాకా ఆమె నోట్లో నానుతూ ఉండేవి. "ఒత్తులు మింగేయకు పెద్దమ్మా" అని నన్ను కసిరేది. చదువు చెప్పేవాళ్లు కసరాలి. నేనేమీ అనుకోలేదు.

సారుది గోదావరి జిల్లా. చెడ్డవాడు కాదు. పండక్కి నాకు చీర కొనేవాడు, నా మోకాళ్ల నొప్పికి మందు తనే తెచ్చేవాడు. ఆయన పద్ధతి ఒకటే నాకు నచ్చేది కాదు. ఎవరు వచ్చినా ఒకే అంకె చెప్పేవాడు. "టోటల్ ఇంతండి, టెన్షన్ మాకొదిలేయండి" అనేవాడు. ఆ టోటల్‌లో సర్కారుది ఎంత, ఆయనది ఎంత, దారిలో ఆవిరయ్యేది ఎంత, ఎవరికీ తెలిసేది కాదు.

"విడదీసి చెప్తే బేరం మొదలవుతుంది పెద్దమ్మా" అనేవాడు నేను అడిగితే.

పిల్లలూ, మీకు ఒక మాట. సర్కారు ఫీజు ఎవరినీ అంతగా ముంచదు. అది తెర మీద రాసి ఉంటుంది, కార్డుతో కడితే రసీదు వస్తుంది. ముంచేవి తెర మీద రాయనివి. ఇల్లు చూసి పోవడానికి వచ్చినవాడు పెట్రోలుకు అంటాడు. పుట్టిన కాయితం ఇచ్చేవాడు స్వీట్లకు అంటాడు. ఇంటి ఓనరు అడ్వాన్సు దగ్గర ఇంకో రెండు నెలలు ఎక్కువ అంటాడు, ఎందుకంటే మీరు ఫారిన్ కదా అంటాడు. అలాంటి ప్రతి పైసకూ ఒక ముద్దుపేరు ఉంటుంది. ఇంకో సంగతి కూడా రాసేస్తాను, ఎవరికి కోపం వచ్చినా సరే. తెల్లగా ఉన్నవాళ్ల దగ్గర ఆ పైసలు నవ్వుతూ తీసుకుంటారు. నల్లగా ఉన్నవాళ్ల దగ్గర గద్దించి తీసుకుంటారు. నేను కూడా నలుపే, నాకు గద్దింపు తొందరగా వినిపిస్తుంది.

ఇక ఆ తల్లి సంగతి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక కంపెనీలో, వాళ్ల భాషలో వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం ఆమెది. భర్త ఇక్కడే చదువుకుని, గడువు అయిపోయి ముందే వెళ్లిపోయాడు. అప్పటికి ఈమె నిండు నెలల మనిషి, విమానం ఎక్కనివ్వరు. ఇక్కడి దవాఖానలోనే కాన్పు అయింది. తండ్రి బిడ్డను ఫోన్లో తప్ప చూడలేదు. ఆ వారంతో ఆమె ఉద్యోగం సరి. శనివారానికి టికెట్టు ఉంది. ఆదివారంతో వీసా ఆఖరు.

తల్లికి కాయితాలన్నీ ఉన్నాయి. చిక్కు పాపతోనే. వాళ్ల దేశపు రాయబారి ఆఫీసు పాపకు పాస్‌పోర్టు ఇచ్చింది. కానీ వీసా లేని పసిబిడ్డను దేశం దాటించాలంటే ఎగ్జిట్ పర్మిట్ అని, సర్కారు ఇచ్చే అనుమతి ఒకటి కావాలి. శనివారంలోగా అది రాకపోతే తల్లి ఒక్కతే విమానం ఎక్కాలి. లేదంటే ఇద్దరూ ఉండిపోయి, గడువు దాటినందుకు జరిమానాలు, జవాబులు, మళ్లీ టికెట్లు. పాలు తాగే బిడ్డను వదిలి ఎక్కే తల్లి ఉంటుందా?

దరఖాస్తు పెట్టాం. కదలలేదు. అడ్డం పడింది ఇంటి ఓనరు. బయటి దేశం వాళ్లను కిరాయికి పెట్టుకున్నవాడు, ఫలానావాళ్లు మా ఇంట్లో ఉంటున్నారని సర్కారుకు తెలపాలి. దాన్ని సి ఫారం అంటారు. ఫోన్లో నింపవచ్చు, పైసా ఖర్చు లేదు. ఈ ఓనరు మాత్రం ఆ ఫారానికి సర్కారు ఫీజు కట్టాలని ఆమె దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఫారం పెట్టలేదు. అందుకని సర్కారు కళ్లకు ఆమె ఏ ఇంట్లోనూ లేదు. తల్లి, పాప, ఓనరు గురువారం వచ్చి కనబడాలని మేడం బుధవారం కబురు పంపింది.

ఆ ఓనరు నాకు వరసకు మరిది.

భూమి అమ్మిన పైసలతో ఖాజాగూడలో నాలుగంతస్తులు లేపాడు. ఆమెకు ఆ ఇల్లు చూపించింది నేను కాదు, ఫారం పెట్టనిది వాడేనని నాకు ఫైలు చూశాకే తెలిసింది. మా మధ్య పాత బంధమే ఉంది. నా భర్త పోయిన రోజు పాడె పట్టిన నలుగురిలో వాడొకడు. ఎందుకు చెబుతున్నానంటే, ఆ గురువారం నోరు తెరవబోతే ముందు గుర్తొచ్చింది ఆ సంగతే.

బుధవారం సాయంత్రం వాడి ఇంటికి పోయాను.

"ఏంది వదినా, గిట్లొచ్చినవ్? కూసో, ఛాయ్ తాగు."

"ఛాయ్ తర్వాత. పైన కిరాయికున్న పిల్లకు సి ఫారం ఎందుకు పెట్టలే?"

"పెడదామనే అనుకున్న. యాదిమరిచిన."

"పైసలు తీసుకునుడు యాదున్నదా?"

"గవి మెయింటెనెన్స్‌ల పడ్డయి."

"సర్కారు ఫీజని గదా తీసుకున్నవ్?"

"సర్కారుకు మెయింటెనెన్స్ ఉండదా వదినా? ఊకెనే నడుస్తదా?"

లోపల వాడి భార్య కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాను. "రేపు నువ్వు ఆఫీసుకు రావాలె. మేడం పిలిచింది" అన్నాను.

వాడి మొహం మారింది. "మేడమా? చేతుల ఏమన్న పెట్టాలెనా? ఏదున్నా గా పిల్లతోనే పెట్టిద్దాం. మనకెందుకు?"

"ఆ మేడం గసొంటిది కాదు. ఇన్నేండ్ల సంది చూస్తున్న. గట్ల చేస్తే పిల్ల మీద కేసయితది. వద్దు."

"సరే సరే. నువ్వు పరేషాన్ గాకు."

నేను ఆ సరేను నమ్మి ఇంటికి వచ్చి పడుకున్నాను. మనవాళ్లు సరే అన్నారంటే మాట చెవిన పడిందని అర్థం. ఒప్పుకున్నారని కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే ఆ ఎర్ర కవరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థం కాదు. అంతకు కొన్నాళ్ల ముందే మా మరిది మనవణ్ణి ఉయ్యాలలో వేస్తూ తొట్టెల ఫంక్షన్ చేశారు. నేనూ పోయాను. మేడ మీద కిరాయికున్న ఆమెను కూడా పిలిచారు. ఫైలు చేతికి రాకముందు ఆమెను నేను చూసింది అక్కడే, మా ఆఫీసుకే వస్తుందని అప్పుడు అనుకోలేదు. మన దగ్గర తెలిసిందే కదా, మైకు పట్టుకుని ఫలానావారు ఇంత చదివించారు అని గట్టిగా చదువుతారు. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. వచ్చిన ప్రతి మనిషీ ఎర్ర కవరు, రూపాయి బిళ్ల, రెండు చేతులు. ఆమె కూడా అడిగి తెలుసుకుని ఒక కవరు ఇచ్చింది. మైకు పట్టుకున్నవాడికి ఆమె పేరుకు నోరు తిరగలేదు. "పై పోర్షన్ మేడం" అని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచి నిలబడి నలువైపులా దండం పెట్టింది. ఈ దేశంలో మర్యాదగా డబ్బు ఇవ్వడమంటే ఇట్లా అని ఆ రోజే ఆమె మనసులో పడిపోయింది.

గురువారం అందరం ఆఫీసుకు చేరుకున్నాం. కంప్యూటర్ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుంది, సారు ఫైలు పట్టుకున్నాడు, నేను పాప సంచి పట్టుకున్నాను. మా మరిది తెల్ల చొక్కా తొడుక్కుని, ఏదో పెళ్లి చూపులకు వచ్చినట్టు మీసం దువ్వుకుంటూ వచ్చాడు. మమ్మల్ని పిలిచారు. వెళ్లాం. అప్పుడే ఆ తల్లి ఆ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

మేడం దాన్ని ముట్టుకోలేదు.

"ఏంటిది?"

సారు ఫైలును గుండెకు అదుముకున్నాడు.

"ఏజెంటు గారూ, మిమ్మల్నే."

"అయ్యయ్యో, మాకు సంబంధం లేదండి మేడం. మేం అప్లికేషన్ వరకేనండి. ఆవిడ సొంతంగా..."

"ఓనరు ఎవరు?"

"నేనే మేడం. నాకేం తెల్వదు. నెలకొకసారి కిరాయి దీసుకునుడు తప్ప నాకేం తెల్వదు."

మేడం గుమాస్తా వైపు తిరిగింది. "రాయండి. విధుల్లో ఉన్న అధికారికి డబ్బు ఇవ్వజూపారని. గేటు దగ్గర కానిస్టేబుల్‌ను రమ్మనండి."

ఆ కాయితం మీద సంతకం పడితే కేసు. కేసు పడితే పర్మిట్ లేదు, శనివారం లేదు. అది ఆ గదిలో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. మాటలు తెలుగులో నడుస్తున్నాయి. గుమాస్తా కొత్త కాయితం తీసి పేరు అడిగేసరికి, పని అయిపోతోందని అనుకుందో ఏమో, ఆమె మొహం వికసించింది. ముందుకు వంగి మేడంతో ఇంగ్లీషులో ఏదో నెమ్మదిగా అంది. కంప్యూటర్ అమ్మాయి నా చెవిలో చెప్పింది.

"రసీదు అడుగుతోంది పెద్దమ్మా."

"ఏం రసీదు?"

"ఆ కవరుకి. కంపెనీ వాళ్లు ఖర్చులన్నీ ఇస్తారట, రసీదు చూపిస్తే. చేత్తో ఇచ్చినవాటికి ఇప్పటిదాకా ఎవరూ రసీదు ఇవ్వలేదట. మీరు గవర్నమెంటు కదా, మీరు తప్పకుండా ఇస్తారు అంటోంది."

మేడం పెన్ను కింద పెట్టింది. ఇప్పుడు కవరు చేతిలోకి తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది. పైన ఆమె ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాసింది. పెద్ద అక్షరాలు కాబట్టి నేనూ చదివాను, తలకిందులుగానైనా. ఇచ్చేది భారత ప్రభుత్వానికి. కింద, ఇచ్చినవాళ్ల పేరు రాసే గీత మీద, తన పూర్తి పేరు, ఫోన్ నంబరు, పాస్‌పోర్టు నంబరు.

మేడం చాలాసేపు చదివింది. తర్వాత తల ఎత్తకుండానే అంది, "ఇవాళ భారత ప్రభుత్వానికి పెండ్లా, తొట్టెలా?"

గుమాస్తాకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదు.

మేడం ఆమెను ఇంగ్లీషులో అడిగింది, ఇది ఇవ్వాలని ఎవరు చెప్పారని. ఆమె ఏ దాపరికమూ లేకుండా, వేలు చూపిస్తే మర్యాద కాదన్నట్టు చెయ్యి మొత్తం చాపి, "అంకుల్" అంది.

"అబద్ధం మేడం" అన్నాడు మా మరిది. "ఈమెకు మన మాట సగమే వస్తది. నేనొకటంటే ఇంకోటి సమజ్ చేసుకున్నది. నాకేం పని గివన్ని చెప్పనీకి?"

మేడం వాడిని చూసింది, ఆమెను చూసింది. గుమాస్తా ముందు ఆ కాయితం ఇంకా అలాగే ఉంది, సగం రాసి. అంకుల్ అన్న ఒక్క మాటకు సాక్ష్యం ఎవరు?

మా మరిది నన్ను చూశాడు. బతిమాలే చూపు కాదు. ఇంటి మనిషివి, ఊరుకో అనే చూపు. నా భర్తను మోసిన భుజం అది. మా ఇద్దరి ఇళ్లూ ఒకే గల్లీలో ఉన్నాయి. పొద్దున లేస్తే వాడి గడప దాటే నేను బస్సుకు పోవాలి. ఇవన్నీ నాకు తట్టలేదని చెబితే అది అబద్ధం. అన్నీ తట్టాయి. మధ్యలో పాప సంచి నా చేతిలో ఉంది, అందులో పాలసీసా ఇంకా వెచ్చగా ఉంది.

"మేడం" అన్నాను. "ఆమెకు సక్కగనే సమజైంది. ఈయన నాకు మరిది. నిన్న సాయంత్రం నాతోనే అన్నడు, చేతుల పెట్టేదుంటే గా పిల్లతో పెట్టిద్దామని. నేను వద్దన్న. ఇయ్యాల పెట్టిపిచ్చిండు."

"వదినా."

"ఏంది వదినా? ఇంక ఉన్నది. సి ఫారానికి సర్కారు ఫీజని ఈమె దగ్గర తీసుకున్నడు. ఫారమే పెట్టలే. ఇల్లు చూసిపోయినోడు పెట్రోలన్నడు. పుట్టిన కాయితం కాడ ఇంకొకడు స్వీట్లన్నడు. మా సారు గూడ అన్నీ కలిపి ఒక్కటే అంకె చెప్తడు. అడుగడుక్కి ఇచ్చుకుంట ఇచ్చుకుంట మీ బల్ల దాక వచ్చింది. మీ బల్ల గూడ గసొంటిదే అనుకున్నది. తప్పు ఆమెదెట్లయితది?"

సారు కళ్లు మూసుకున్నాడు. సొంత ఆఫీసు మనిషే బజారులో మన బట్టలు విప్పితే ఎవరైనా కళ్లే మూసుకుంటారు.

"మీరెవరు?" అంది మేడం.

"ఏజెంటు ఆఫీసుల అటెండర్‌ను."

"ఇప్పుడు చెప్పింది రాసిస్తారా?"

"రాస్త. జర టైం పడ్తది."

మేడం తన బల్ల పక్కన కుర్చీ చూపించింది. కూర్చుని రాశాను. వెనక మనుషులు క్యూలో ఉన్నారు, కానిస్టేబుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు. మరిది అని రాసేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది. కంప్యూటర్ అమ్మాయి నా భుజం మీంచి చూస్తూ ఈసారి ఒక్క ఒత్తుకు కూడా కసరలేదు. నా ఉద్యోగంలో చాలా కాయితాలు మోశాను. రాసింది అదొక్కటే.

మేడం చదివింది. గుమాస్తా సగం రాసిన కాయితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. కానిస్టేబుల్‌ను వెళ్లిపొమ్మంది. తర్వాత సారు వైపు తిరిగింది.

"మీరు ఈమె దగ్గర తీసుకున్నదాంట్లో గవర్నమెంటు ఫీజు ఎంత?"

"టోటల్ అండి... అంటే టోటల్‌గా..."

"టోటల్ అడగలేదు."

సారు మా కంప్యూటర్ అమ్మాయిని చూశాడు. ఆమె నేల చూపులు చూస్తూ, "నాలుగో వంతు కూడా లేదు మేడం, మిగతాది మన సర్వీసే" అంది. 'మన' అనడంలో ఆమె పెద్దమనసు ఉంది.

"ఇకనుంచి రెండూ వేరువేరుగా రాసివ్వండి. లేకపోతే నా దగ్గరికి రావద్దు."

"అలాగేనండి."

ఆ తర్వాత మా మరిది వంతు. మేడం వాడిని అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి, ఇప్పుడే నీ ఫోన్లో సి ఫారం నింపు అంది. ఊళ్లో అందరికీ ఫోన్ల గురించి పాఠాలు చెప్పేవాడు, పాస్‌వర్డు దగ్గర చెమటలు కక్కాడు. మా అమ్మాయి పక్కన కూర్చుని నింపించింది. అంతా అయ్యాక వాడు తల గోక్కుంటూ, "ఫీజు ఎక్కడ కట్టాలె?" అన్నాడు.

"దీనికి ఫీజు లేదు అంకుల్."

"ఆఁ?"

"గట్టిగా చెప్పమ్మా" అంది మేడం. "క్యూలో ఉన్నవాళ్లు కూడా వినాలి."

"ఫీజు లేదు అంకుల్" అంది మా అమ్మాయి, పాట పాడే గొంతుతో. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఏ ఓనరుకు ఎంత ఇచ్చారో వాళ్లకే తెలియాలి. ఆలస్యంగా తెలిపినందుకు నోటీసు వస్తుందని మేడం వాడికి చెప్పింది, ఫీజని తీసుకున్న డబ్బు అక్కడే వాడి చేతే ఆమెకు తిరిగి పంపించింది. వాడి ఫోన్ టింగుమంది, వెంటనే ఆమె ఫోన్ టింగుమంది.

కవరు మేడం ఆమె చేతికే ఇచ్చింది. "రసీదు రాని డబ్బు ఎవరికీ ఇవ్వకు" అని చెప్పింది.

ఆమెకు నమ్మకం కలగలేదు. "ఈ ఫీజు నిల్?" అని అడిగింది.

"నిల్."

"అందరికీ నిల్?"

"అందరికీ."

"పర్మిట్ సాయంత్రానికి చూస్తాం. మాట ఇవ్వను" అని మేడం తర్వాతి మనిషిని పిలిచింది.

బయటికి వచ్చాం. మా మరిది నా ముందు నిలబడ్డాడు. మీసం కిందికి వేలాడుతోంది.

"పరాయిదాని కోసం ఇంటోణ్ణి బద్నాం చేస్తవా వదినా?"

"నువ్వు ఇంటోడివి గాకపోతే నేను నోరే తెరవకపోతుంటి. పరాయోడు చేస్తే పోనీ అనుకుంట. నువ్వు చేస్తే నాకు సిగ్గయితది."

వాడు బండి తీసుకుని వెళ్లిపోయాడు. పోనీ అనుకున్నాను.

మేం నలుగురం, పాప, గేటు బయట టీ బండి దగ్గర కూలబడ్డాం. ఆమె మా అందరికీ ఛాయ్ చెప్పింది. తాగాక డబ్బు ఇవ్వబోతే టీ అబ్బాయి ఒక అంకె చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏంరో, రోజు నాకొక రేటు, ఇయ్యాల ఈమెకొక రేటా?"

"అట్ల కాదు పెద్దమ్మా, అల్లం ఎక్కువేసిన."

"నా గ్లాసుల గూడ గదే అల్లం కదరా."

వాడు పళ్లికిలించి మామూలు రేటే తీసుకున్నాడు. సారు కూడా నవ్వేశాడు, ఆ రోజు మొదటిసారి. "పెద్దమ్మా, అంతా బానే ఉంది గానీ, నన్ను కూడా కలిపేశారేంటండీ?" అన్నాడు.

"మీరే గదా సారు, ఎప్పుడూ అన్నీ కలిపి చెప్పమంటరు."

ఎండ వాలింది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మళ్లీ మళ్లీ చూస్తోంది. తల్లి పాపకు పాలు పట్టి, భుజాలు మార్చుకుంటూ, గేటు ముందు అటూ ఇటూ నడుస్తోంది. నేను ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడితే ధైర్యం చెప్పాలి. తెలియని దానికి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

మా అమ్మాయి ఉన్నట్టుండి "దేవుడా" అంది. ఆమె తెర మా వైపు తిప్పింది. పాప పేరు ఉంది, అది పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద ఉన్న మాట నేను కూడబలుక్కునేలోపే తల్లి చదివేసుకుంది. అరవలేదు, ఏడవలేదు. టీ బండి పక్కన ఉన్న ఇటుకల మీద ధబాలున కూర్చుని, పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి అంతా వదిలింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగదే. చూసి చూసి సారు నవ్వాడు, టీ అబ్బాయి కూడా నవ్వాడు, వాడికి ఎందుకో తెలియకుండానే.

శనివారం ఇద్దరూ వెళ్లిపోయారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా అమ్మాయి నాకు ఫోటో తెచ్చి చూపించింది. పొడుగాటి మనిషి ఒకాయన పాపను గాజు గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. మొగవాళ్లకు మొదటి బిడ్డను ఎత్తుకోవడం ఏ దేశంలోనూ రాదు.

తర్వాత ఏమైందని అడుగుతారు. మేడం చెప్పినట్టే సారు రెండు అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు, సర్కారుది ఇంత, మాది ఇంత అని. ఆయన భయపడినట్టే బేరాలు మొదలయ్యాయి. నెలాఖరుకు ఆయనకు మునుపటి కంటే తక్కువే మిగిలింది. కానీ గొంతు తగ్గించి మాట్లాడటం మానేశాడు, మధ్యాహ్నం అన్నం కూడా నిదానంగా తినేవాడు. ఒకరోజు నాతో, "బేరం ఆడితే ఆడనీయండి పెద్దమ్మా, దాచుకోవాల్సింది లేదు కదా" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. పొగిడితే పాత పద్ధతికి పోతాడేమోనని.

మా మరిది కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నేను వాడి గడప ముందు నుంచి పోతుంటే కావాలని ఆకాశం చూసేవాడు. బోనాల పండుగకు వాడి భార్యే వచ్చి నన్ను లాక్కుపోయి విస్తరి ముందు కూర్చోబెట్టింది. వాడు కూర వడ్డిస్తూ, "ఇంకింత వేసుకో, దీనికి గూడ ఫీజు లేదు" అన్నాడు. అంతటితో సరి. ఆ పై పోర్షన్‌లోకి ఇంకో దేశం పిల్లవాడు దిగిన రోజున వాడే ఫోన్ చేశాడు. "వదినా, గా ఫారం ఎట్ల పెడ్తరో మీ కంప్యూటర్ పిల్లను అడుగు. అడ్వాన్సు మాత్రం నా ఇష్టం, గది చెప్పకు."

మనుషులు ఒక్క రోజులో బాగుపడరు పిల్లలూ. ఒక ఫారం మేరకు బాగుపడినా సంతోషించడమే.

ఆ గురువారం ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో చెప్పి ఆపుతాను. పేర్లు రాయను, అందరూ ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నారు. బల్ల వెనక మేడం. ఆమె పక్కన, నవ్వు ఆపుకోలేక దగ్గిన గుమాస్తా. ఎందుకు పిలిచారో, ఎందుకు వెళ్లిపొమ్మన్నారో తెలియని కానిస్టేబుల్. మా సారు. కంప్యూటర్ అమ్మాయి. నా మరిది. నేను. రసీదు అడిగిన తల్లి. ఆమె భుజాన, మా అందరికంటే చిన్నది, ఏ విమానం దిగకుండానే ఈ దేశంలోకి వచ్చినది. వచ్చేటప్పుడు దాన్ని ఎవరూ ఏ కాయితమూ అడగలేదు. పోయేటప్పుడు మాత్రం మా అందరినీ ఒక రోజంతా నిలబెట్టి, సర్కారు అనుమతితో దర్జాగా పోయింది.